కొత్త చొక్కాల సంబరం

నేను బుద్ధిమంతుణ్ణని నమ్మే బంధువులెవరైనా ఉంటే దయచేసి ఇక్కడితో ఆపేయండి. ఇరవైమంది ఉద్యోగాలకు నేను ఒకే ఒక్క కత్తెరతో ఎలా ఎసరు పెట్టానో చెప్పబోతున్నాను.

అప్పుడు నేనొక చిన్న హౌస్‌కీపింగ్ కంపెనీలో సూపర్‌వైజర్ని. బేగంపేటలో ఒక ప్రభుత్వ ఆఫీసును శుభ్రం చేసే కాంట్రాక్టు మాది. మా కంపెనీ దివాలా అంచుకు చేరితే ఒక పెద్ద కంపెనీ కొనేసింది. వాళ్లు కొత్త నీలం చొక్కాలు పంపారు. కొత్త యజమానుల మెప్పు కోసం నాకు ఒకటే ఆత్రం. పాత ఆకుపచ్చ చొక్కాలన్నీ పోగేసి, నేల తుడిచే గుడ్డలుగా కత్తిరించడం మొదలుపెట్టాను.

"జెర ఆగరాదు సారూ! ఆఫీసోళ్లను అడిగినవా?" అంది మా వాళ్లలో పెద్దదైన యాదమ్మ.

"అడిగేదేముంది? కంపెనీతోపాటే కాంట్రాక్టూ వస్తుంది!" అన్నాను, కంపెనీని నేనే కొన్నట్టు.

మర్నాడు మమ్మల్ని గేటు దగ్గరే ఆపేశారు. సూపరింటెండెంట్ మేడమ్ కిందికి దిగి వచ్చింది.

"ఎవరు మీరు?"

"మేమే మేడమ్, రోజూ వచ్చేవాళ్లమే! మమ్మల్ని కొనేశారు."

"కొన్నది మీ కంపెనీని, మా కాంట్రాక్టును కాదు. పై ఆఫీసు ఒప్పుకొని లెటర్ ఇచ్చేదాంక మాకు పాత కంపెనీయే లెక్క. పాత యూనిఫాంల రండి. పదింటికల్లా పని షురూ కాకుంటే కాంట్రాక్టు రద్దుకు రాస్త."

టైము తొమ్మిదిన్నర. ఇరవైమందీ నా వైపు చూశారు. నేను బకెట్ వైపు చూశాను. పాత యూనిఫాం మొత్తం ముక్కలై అందులోనే ఉంది. యాదమ్మ మొహంలో భయం చూసి సిగ్గుతో చచ్చిపోయాను.

"నిలబడి ఏం జూస్తవ్ సారూ? పట్టు!" అంటూ ఆమె గాజులకు తగిలించుకున్న పిన్నీసులు తీసింది. మిగతావాళ్లూ తీశారు. ఆకుపచ్చ ముక్కలు నీలం చొక్కాల మీదికెక్కాయి. ఒకరికి కాలరు, ఒకరికి సగం చెయ్యి, నా వీపుకు ఎవరిదో జేబు.

మేడమ్ మమ్మల్ని ఎగాదిగా చూసింది. "కంపెనీ పేరేది?"

కత్తెరకు దొరక్కుండా పేరు పూర్తిగా మిగిలిన ముక్క ఒక్కటే. దాన్ని అప్పటికే నేల తుడిచే గుడ్డగా మాప్ కర్రకు కట్టేశాం. యాదమ్మ ఆ కర్రను పైకెత్తింది. "ఇగో మేడమ్, కంపెనీ మొత్తం గీడ్నే ఉన్నది."

మేడమ్ నవ్వాపుకోలేక, "పోండి, పోండి! ఆ కర్ర ముందు నడవాలె" అంది. కర్ర వెనకాల ఊరేగింపుగా లోపలికి వెళ్లాం. లెటర్ మూడు నెలలకు వచ్చింది. అప్పటిదాకా అదే వేషం.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ప్రభుత్వం రాసివ్వనిదే ఈ జన్మలో పాత బట్ట చింపనని. నా బనియన్లకు ఇప్పుడు కిటికీలే కాదు, గుమ్మాలు కూడా ఉన్నాయి. ఇల్లు తుడవడానికి ఒకటిమ్మని మా ఆవిడ అడిగినప్పుడల్లా చెయ్యి చాపుతాను.

"లెటర్ ఏదీ?"