బండి వెనక రాత

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది. శ్మశానం ఆనుకుని ఉన్న చేనులో ఒంటరిగా శనక్కాయలు పెరికినదాన్ని. గాలి సోకిందని తాయెత్తు కట్టుకునే ఆడవాళ్లను ఎగతాళి చేసినదాన్ని. ఇప్పుడు కూడా దయ్యమని అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది పెనుకొండ పక్కన పల్లె. మా ఆయన రైతుల దగ్గర పట్టుగూళ్లు ఎత్తుకుని హిందూపురం మార్కెట్టుకు చేర్చేవాడు. ఆలస్యమైతే వేలం అయిపోతుంది. అందుకని వేగం కోసం బెంగళూరులో ఒక పాత పికప్ కొన్నాడు. ఆ రకం బండ్లు కంపెనీ కొన్ని మాత్రమే చేసిందట. స్టీరింగు పక్కన ఇత్తడి బిళ్ల మీద అది ఎన్నో బండో నంబరు కొట్టి ఉండేది. మామూలు పికప్‌లకు లేని పెద్ద ఇంజను, వెడల్పు టైర్లు. కదిలిందంటే వీపు సీటుకు అతుక్కుపోయేది.

ఆ వేగమే ఆయన్ను తీసుకుపోయింది. హైవే మలుపులో అదుపు తప్పి రాయికి గుద్దుకున్నాడు. మనిషి పోయాడు. బండికి బంపరు వంగింది, అంతే.

ఏడాదిన్నర తర్వాత మా కొడుకు శీను బంపరు మార్పించి అదే బండి తీశాడు. వాడికి ఇరవై ఏళ్లు. "నాయన గంటలో పొయ్యే దోవ నేను నలభై నిమిషాల్లో కొట్టినా" అని టీ అంగడి దగ్గర చెప్పుకుంటుంటే విన్నాను. ఆ రోజే బండి అమ్మేయాలని నిర్ణయించుకున్నాను.

"అమ్మితే నీ చేతి కూడు తినను" అన్నాడు శీను.

"తినకపో. బతికుండు, సాలు" అన్నాను.

ఆ తర్వాత ఒకే ఇంట్లో ఉంటూ మాటలు మానేశాం.

ధర్మవరం నుంచి చీరల వ్యాపారి ఒకాయన బండి చూడ్డానికి వచ్చాడు. చుట్టూ తిరిగి వెనక తలుపు దగ్గర ఆగాడు. "ఏమక్కా, ఈడ ఏందో రాసిండారే?"

దుమ్ములో వేలితో రాసిన అక్షరాలు. మా ఆయన పోయిన తర్వాతే నేను సాయంత్రం బడికి పోయి అక్షరాలు దిద్దుకున్నాను. ఒక్కొక్కటీ కూడబలుక్కుంటే తప్ప చదవలేను. అం... మొ... ద్దు. కలిపి పలికితే "అమ్మ ఒద్దు" అని వినిపించింది. కన్నతల్లి వద్దని ఊరంతా చూసేట్టు రాశాడే అనుకున్నాను. బండి చుట్టూ చేరిన అందరి ముందరా, పక్కనే నిలబడిన శీను చెంప పగలగొట్టాను.

"నీ సదువు తగలెయ్య! అమ్మ ఒద్దు కాదుమా అది, అమ్మొద్దు! బండి అమ్మొద్దని! అయినా రాసింది నేను కాదు" అని అరిచాడు వాడు.

వ్యాపారి నవ్వు ఆపుకోలేకపోయాడు. "ముందు ఇంట్లో తేల్సుకోండక్కా. ఎల్లుండి వస్తా" అని వెళ్లిపోయాడు.

శీను ఆ మధ్యాహ్నమే గోరంట్ల బస్సెక్కి మా చెల్లెలి ఇంటికి పోయాడు. ఆ రెండు రోజులూ వాడు గడప దాటలేదని మా చెల్లెలు తర్వాత చెప్పింది. నేను పక్కింటి మనిషిని పిలిచి బండిని కడిగించి, పాత చీరతో తుడిచి, గూళ్లు ఆరబోసే షెడ్డులో పెట్టించాను. తాళం నేనే వేశాను. తాళంచెవి నా నడుముకే ఉంది. కిటికీలకు సన్నటి ఇనుప వల.

మూడో రోజు పొద్దున తలుపు తెరిచాను. కడిగిన బండి మీద మళ్లీ దుమ్ము, వేలెడు మందాన. నేల మాత్రం ఊడ్చినట్టే ఉంది, అడుగు జాడ లేదు. దుమ్ములో అదే మాట.

ఈసారి నిదానంగా చూశాను. 'అమ్మ' రాసేటప్పుడు మకు మవత్తు పెట్టాలని మా పంతులమ్మ నేర్పింది. శీనూ అట్లాగే రాస్తాడు. ఇక్కడ వత్తు లేదు. మకు ముందు సున్న పెట్టి ఉంది, ఆ సున్న కూడా పూర్తిగా మూసుకోలేదు. ఇంట్లోకి పోయి గూళ్లు తూచినప్పుడు మా ఆయన రాసిన కాటా చీటీలు తెచ్చి పక్కన పెట్టాను. "అంమిన గూళ్లు" అని పాతకాలపు రాత. అదే మూసుకోని సున్న.

బయట కారు ఆగిన చప్పుడైంది. నాకు భయం కంటే కోపం ఎక్కువైంది. పైట కొంగుతో ఆ రాతను తుడిచేశాను. "బతికినన్నాళ్లూ నీ మాటే నడిచింది. నిన్ను మింగింది సాలదా, వాన్ని కూడా మింగల్లా?" అన్నాను.

వ్యాపారి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఎవురితో మాట్లాడతాండావక్కా?"

"దుమ్ముతో. బండి తీసుకోపో."

తీసుకుపోయాడు. ధర్మవరంలో ఆ బండికి ఏమీ కాలేదట, ఎప్పుడూ ఏ రాతా కనబడలేదట. శీను ఇప్పుడు మెల్లగా పోయే ట్రాక్టరు నడుపుతున్నాడు. నా చేతి కూడు తింటాడు గానీ "నాయన మాట కాదన్నావు" అని ఇప్పటికీ దెప్పుతాడు.

నాకు అంతుపట్టనిది వేరే ఉంది. మా ఆయన పోయే నాటికి నేను వేలిముద్ర మనిషిని. అక్షరమ్ముక్క రానిదని పదిమందిలో నన్ను నవ్వులపాలు చేసేవాడు. ఆ దుమ్ములో రాసింది ఎవరో గానీ, నాకు చదవడం వచ్చని వాళ్లకు తెలుసు.