ఆరని ఎర్రచొక్కాలు

లాండ్రీ మావయ్యకున్న జబ్బు ఒక్కటే. ఎదుటి జట్టు ఆకుపచ్చ చొక్కాలతో వస్తోందని తెలిస్తే చాలు, సొంతూరి జట్టు ఎర్రచొక్కాలు ఆయన చేతిలో ఆరవు.

నీలం చొక్కాలవాళ్ళు వచ్చినప్పుడు ఆరుతాయి. నల్లచారలవాళ్ళు వచ్చినప్పుడు పెళపెళలాడేలా ఆరుతాయి. ఆకుపచ్చవాళ్ళు వస్తున్నారంటే మాత్రం, నడినెత్తిన ఎండ మాడ్చేస్తున్నా సరే, డాబా మీది తీగ నుంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి.

"గాల్లో తేమ ఎక్కువగా ఉందండీ," అనేవాడు క్లబ్బు కార్యదర్శితో.

"పక్క తీగ మీద దుప్పట్లు ఎండిపోయాయే?"

"దుప్పటి వేరు, చొక్కా వేరు. దుప్పటికి చంకలుంటాయా?"

మరోసారి ఇస్త్రీపెట్టె కాలర్లన్నిటినీ కాల్చింది. ఇంకోసారి ఎలుక కొట్టింది. కార్యదర్శి కళ్ళజోడు సర్దుకుని ఆ చిల్లులు చూశాడు.

"ఎలుక ఇంత గుండ్రంగా కొట్టిందేమయ్యా, కత్తెర పెట్టి కోసినట్టు?"

"అది మామూలు ఎలుక కాదండీ. టైలరు షాపులో పెరిగింది."

తర్వాత ఆ చిల్లులన్నీ మావయ్యే కూర్చుని రఫూ చేశాడు. కాని ఆనాటికి జట్టు రెండో చొక్కాలు తొడుక్కుని మైదానంలోకి దిగక తప్పలేదు.

ఏ క్లబ్బుకైనా రెండో రంగు ఉండేది ఒక్క పనికోసం. ఎర్రవాళ్ళమీదకి ఎర్రవాళ్ళే వస్తే బంతి ఎవరికి తన్నాలో ఆటగాడికి తెలియదు, ఎవడు ఎవణ్ణి తన్నాడో రిఫరీకి తెలియదు. అప్పుడు ఒకరు రంగు మార్చుకోవాలి. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. కాని ఎరుపుకీ ఆకుపచ్చకీ తగువేమిటి? పుట్టుగుడ్డివాడు తప్ప ఎవరైనా చెప్పగలరు కదా!

పైగా ఆ రెండో చొక్కా! తెల్లగుడ్డ మీద వంకాయరంగు అడ్డచార. అభిమానులు దానికి ఆసుపత్రి దుప్పటి అని పేరు పెట్టారు. ఎప్పుడో ఒక కప్పు ఆ దుప్పటి కప్పుకునే ఓడిపోయారట. ప్రతి ఆటకీ వచ్చి బూర ఊదే బూర తాత అయితే, జట్టు తెల్లగా దిగిన రోజున తన బూరని ఒళ్ళో బోర్లించుకుని కూర్చునేవాడు.

"ఊదు తాతా!"

"దుప్పటికి ఊదను. మా నాన్న ఎరుపు చూసి కళ్ళు మూశాడు. నేనూ ఎరుపు చూసే మూస్తాను. ఆ లాండ్రీవాడు నన్ను చావనివ్వట్లేదు."

క్లబ్బువాళ్ళు ఆ తెల్లచొక్కాలని అమ్మకానికి పెడితే కొన్నవాడు ఒక్కడే. కొన్న మర్నాటి నుంచి అది తొడుక్కునే షాపులో ఇస్త్రీ చేసేవాడు మావయ్య. దారినపోయేవాళ్ళు కిటికీలోంచి తిట్టేవాళ్ళు. ఆయన ఇస్త్రీపెట్టె ఎత్తి దండం పెట్టేవాడు.

ఈ తిట్లన్నీ తగిలేది మాత్రం మేనల్లుడికి. మావయ్య దగ్గరే పెరిగాడు, అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పని, సాయంత్రాలు జట్టులో కుడివైపు ఆట. అందరూ బొంగరం అనేవాళ్ళు. నిలబడి అన్నం తినేవాడు, నడుస్తూ పళ్ళు తోముకునేవాడు, కూర్చుంటే మోకాలు ఊగి పక్కవాడి టీ ఒలికేది. బంతి దొరికితే గాలే. ఆ ఆట ఒక్కటి తీసేస్తే తన బతుకులో అట్టపెట్టెలు తప్ప ఏమీ మిగలవని వాడికి తెలుసు.

"జట్టు పరువు తీస్తున్నావు మావయ్యా. ఊళ్ళో అందరికీ చొక్కాలు ఆరుతాయి, నీకే ఎందుకు ఆరవు?"

"నా చేతి చలవ, అల్లుడూ."

"నన్ను చూసి నవ్వుతున్నారు!"

"నవ్వితే మంచిదేగా. ఏడిస్తే రుమాళ్ళు ఉతకాల్సొచ్చేది మనమే."

వాడికి అసలు కడుపుమంట వేరే ఉంది. చిన్నప్పుడు షాపులో సాక్సులు జత చేసే పని వాడిదే. ఒకరోజు పోలీసు ఇన్‌స్పెక్టరు ఒక కాలికి ఎర్ర సాక్సూ, ఇంకో కాలికి ఆకుపచ్చ సాక్సూ వేసుకుని పై అధికారి ముందు సెల్యూట్ కొట్టాడు. అది మొదలు మావయ్య వాణ్ణి సాక్సుల బుట్ట దరిదాపులకి రానివ్వలేదు. ఇస్త్రీ ఇచ్చాడు, డెలివరీ ఇచ్చాడు, గల్లాపెట్టె తాళం కూడా ఇచ్చాడు. సాక్సులు మాత్రం ఇవ్వలేదు. 'ఒక్క తప్పుకి ఇన్నేళ్ళు నమ్మడా?' అని వాడు లోలోపల రగిలిపోయేవాడు.

ఒకసారి మావయ్యకి జ్వరం వచ్చి మంచం పట్టాడు. అత్తయ్య చొక్కాలు ఉతికి, ఆరేసి, వేళకి పంపేసింది. బస్సు డిపో జట్టుతో ఆట, వాళ్ళది ఆకుపచ్చ. ఎన్నాళ్ళకో ఆకుపచ్చ ఎదుట ఎరుపు దిగేసరికి బూర తాత బుగ్గలు పగిలేలా ఊదాడు.

ఆ రోజు బొంగరం తిరగాల్సిన వైపు తిరగలేదు. బంతి కాలికి తగలగానే మైదానమంతా ఎండుటాకులు సుడి తిరిగినట్టయింది. నేరుగా ఎదుటివాడి కాళ్ళలోకి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మూడోసారి కొట్టిన బంతితో వాళ్ళు గోల్ చేసేశారు.

"ఎంతకి అమ్ముడుపోయావురా!" అని అరిచారు గట్టుమీద నుంచి.

ఆట అయ్యాక కోచ్ పక్కకి పిలిచాడు. "ఏమయిందిరా నీకు?"

"కంగారు పడ్డాను సార్."

"ఫైనల్లో మిల్లు జట్టు వస్తోంది. అక్కడా ఇలాగే కంగారు పడితే ఇక మైదానానికి రానక్కర్లేదు. అట్టపెట్టెలు మడుచుకో."

మిల్లు జట్టుది కూడా ఆకుపచ్చే. అందుకని కార్యదర్శి ఈసారి ముందే జాగ్రత్తపడ్డాడు. ఎర్రచొక్కాలు మావయ్య చేతికి ఇవ్వకుండా ఇంటికి పట్టుకెళ్ళి, భార్యచేత ఉతికించి, బీరువాలో పెట్టి తాళం వేశాడు.

మావయ్యకి కాలు కాలిన పిల్లి నడక మొదలైంది. అన్నం సహించలేదు. ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో చూడటానికి తన చెయ్యే ఆనించి చూసుకున్నాడు. కార్యదర్శి ఇంటికెళ్ళి, "బీరువాలో చెదలుంటాయండీ, ఒక్కసారి చూసిస్తాను," అన్నాడు.

"అది ఇనుప బీరువా."

"ఇనుప చెదలు కూడా..."

ఆయన తలుపేసేశాడు.

"ఎందుకు మావయ్యా ఈ తిప్పలు?" అన్నాడు మేనల్లుడు, షాపులో అటూ ఇటూ పచార్లు చేస్తూ. "నేనసలే నిప్పుల మీద ఉన్నాను. ఈ ఒక్క ఆటైనా నీ పిచ్చి లేకుండా ఆడనియ్యి."

మావయ్య వాడి వంక చూసి, తలుపు దగ్గరి చెప్పులేసుకుని ఊరవతలికి వెళ్ళిపోయాడు.

ఫైనల్ రోజు ఎర్రజట్టు మైదానంలోకి దిగింది. ఒక్క చిల్లు లేదు, ఒక్క తడి మచ్చ లేదు. బూర తాత ఊపిరి బిగబట్టాడు. ఎదుటి వైపునుంచి మిల్లు జట్టు వచ్చింది. పసుపు చొక్కాల్లో!

"ఏమయ్యా, మీ ఆకుపచ్చవేవీ?" కార్యదర్శి నోరు తెరిచాడు.

మిల్లు మేనేజరు మొహం కందగడ్డలా ఉంది. "ఆరలేదటండీ," అన్నాడు. "మా లాండ్రీ ఆవిడ గాల్లో తేమంటుంది. రెండోవి వేసుకొచ్చాం."

కార్యదర్శి మెడ నెమ్మదిగా మావయ్య వైపు తిరిగింది. తెల్లచొక్కాలో కూర్చున్న మావయ్య ఆకాశంలోకి చూస్తూ తేమ వెతుకుతున్నాడు.

ఆ రోజు బొంగరం తిరిగాడు. పసుపుల మధ్యనుంచి దూరి, చూడకుండానే తనవాడికి అందించాడు. రెండు గోల్సూ వాడి కాలినుంచి కదిలినవే. కప్పు వచ్చింది. బూర తాత ఊదుతూనే కళ్ళు తిరిగి పడ్డాడు. లేపితే, "ఎర్రగా ఉందా?" అని అడిగి మళ్ళీ ఊదాడు.

ఆ గోలలో మిల్లుపేట లాండ్రీ ఆవిడ మేనల్లుణ్ణి పట్టుకుంది. ఆవిడా మావయ్యా ఏనాడో గంజి చిక్కగా పెట్టాలా పల్చగా పెట్టాలా అని పోట్లాడుకుని మాటలు మానేశారు.

"నువ్వేనా ఆ పిల్లాడివి? మీ మావయ్య మా గుమ్మంలో నిలబడి, వీధంతా వినేట్టు పల్చగంజే గొప్పదని ఒప్పుకున్నాడయ్యా! నా జన్మకిది చాలు."

"ఎందుకు ఒప్పుకున్నాడు?"

"నీకు ఎరుపూ ఆకుపచ్చా ఒకటేలా కనిపిస్తాయటగా? సాక్సుల నాడే కనిపెట్టాడట. కోచ్‌కి తెలిస్తే తీసేస్తాడని, నీకు తెలిస్తే నువ్వే మానేస్తావని భయం. అయ్యో... నీకు తెలీదు కదూ?"

వాడి జీవితంలో మొదటిసారి మోకాలు ఊగడం ఆగింది.

సాయంత్రం షాపుకెళ్ళాడు. సాక్సుల బుట్ట మధ్యలో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. రెండు తీసి చూపించాడు.

"ఇవి జతేనా మావయ్యా?"

మావయ్య చూశాడు. ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చ. "జతే," అన్నాడు.

"చిక్కగంజి వదులుకున్నావటగా?"

మావయ్య బుట్టలోకి తల దూర్చేశాడు. "ఆవిడ ఎదుట అన్నాను గానీ, మనసులో చిక్కగానే అనుకున్నాలే."

మర్నాడు మేనల్లుడే కోచ్ దగ్గరికెళ్ళి సంగతి చెప్పాడు. కోచ్ నెత్తి కొట్టుకున్నాడు. "ఇంతేనా? ముందే చెప్తే ఆకుపచ్చవాళ్ళతో ఆడినప్పుడల్లా తెల్లవే వేసుకునేవాళ్ళం కదరా! రెండో చొక్కా ఉన్నదెందుకు?" అప్పటినుంచి అదే పద్ధతయింది. బూర తాత మొదట మూతి ముడిచాడు, తర్వాత బూర తిప్పి పట్టుకున్నాడు. "దుప్పటికి కాదు, ఆ కుర్రాడికి ఊదుతున్నాను," అని మాత్రం అందరికీ చెప్పుకున్నాడు.

కొత్త సీజన్ మొదటి ఆట నీలం చొక్కాలవాళ్ళతో. ముందురోజంతా ముసురు. పొద్దున్నే మావయ్య తడిచొక్కాల మూట చంకన పెట్టుకుని, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ క్లబ్బుకి పరిగెత్తుకొచ్చాడు.

"ఒట్టండీ, ఈసారి నిజంగానే ఆరలేదు!"

కార్యదర్శి కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఎవరయ్యా ఈసారి? గోల్‌కీపరుకి నీలం కనిపించదా?"