తోడికోడలి ఇంటి ప్రశాంతత

టైలరమ్మకి కడుపుమంట ఉందంటే, ఉండదూ మరి! ఒకే ఇంటికి మధ్యలో గోడ లేపి రెండు వాటాలు చేశారు. ఇటు తనూ, వెల్డింగు మేస్త్రి అయిన మొగుడూ. అటు మరిదీ, తోడికోడలూ. మరిది సిపాయి. పోయినేడు యుద్ధం నుంచి పతకంతో తిరిగొచ్చాడు. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. పోనీలే అని ఆ చప్పట్లు ఓర్చుకుంది టైలరమ్మ. ఓర్చుకోలేనిది ఆ ఇంట్లో ప్రశాంతత.

అటునుంచి ఒక్క కేక వినబడితే ఒట్టు! కూర మాడినా "సరే", చొక్కా చిరిగినా "సరే". మరిది పెళ్ళాన్ని పల్లెత్తు మాట అనడు. ఇటు చూస్తేనా, రోజంతా సుత్తి మోతలో ఉండే మేస్త్రి మంచినీళ్ళడిగినా వీధి చివరికి వినబడాల్సిందే. మధ్యాహ్నం భోజనానికొచ్చాడంటే ఉప్పు దగ్గర మొదలై ఇద్దరూ ఇల్లు పీకి పందిరేస్తారు.

"మీ తమ్ముణ్ణి చూసి నేర్చుకోండి! తుపాకీ పట్టినవాడే అంత నెమ్మదిగా ఉంటే, ఇనపముక్కలు అతికించే మీకెందుకంత గొంతు? పెట్టి పుట్టింది మహాతల్లి!" అని రోజూ చెవిలో పోరేది. మిషను తొక్కుతున్నంతసేపూ అదే ధ్యాస.

చివరికి మేస్త్రి విసిగిపోయి నోరు కట్టేసుకున్నాడు. ఏమన్నా "సరే". మొదటిరోజు టైలరమ్మ మురిసిపోయింది. మర్నాడు కావాలనే కూరలో ఉప్పు వెయ్యలేదు. మాట్లాడకుండా తిని వెళ్ళాడు. ఆ పైరోజూ అంతే. ఆవిడకి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

అలాంటి ఒక మధ్యాహ్నం, మేస్త్రి కంచం ముందు కూర్చున్నాక, తోడికోడలు వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"అక్కా, మీరు పోట్లాడుకోవడం మానేశారా?"

"ఏం, నెమ్మదైన మొగుడు నీ ఒక్కదానికే ఉండాలా?" అని మూతి తిప్పింది టైలరమ్మ.

"నెమ్మది కాదక్కా, భయం. అక్కడ యుద్ధంలో చప్పుడు ఆగిందంటే బాంబు పడబోతున్నట్టేనట. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే ఆయన గోడకి ఆనుకుని కూర్చుంటారు, కన్ను మూయరు. మీ గొడవ మొదలైతేనే కాస్త కునుకు. 'ఉప్పు గురించి అరుచుకుంటున్నారంటే ఇక్కడ యుద్ధం లేదన్నమాట' అంటారు. నేను అరుద్దామంటే ఏడుపొస్తుంది. నీ నోరంటే నాకెంత కుళ్ళో తెలుసా అక్కా?"

తనని చూసి కుళ్ళుకునేవాళ్ళు కూడా ఉన్నారా అనుకుంది టైలరమ్మ! తోడికోడల్ని ఇంటికి పంపి, లోపలికొచ్చి మొగుడికి సంగతంతా చెప్పింది.

"అరవండి."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "కూర బాలేదు," అన్నాడు గొణుగుతూ. కళ్ళనిండా నీళ్ళు.

"అదీ ఒక అరుపేనా? చప్పిడి కూర ఇన్నాళ్ళూ మింగారే, ఇదేమిటే అని ఒక్కమాట అడగబుద్ధి కాలేదా? నేనేమైపోతే మీకేం! పక్కింటి మహారాణి మొగుడు పడుకోవాలంటే మాత్రం నోరు తెరుస్తారు!"

"నువ్వే కదే మూసుకోమన్నావు!"

మేస్త్రి అసలు గొంతు బయటికొచ్చింది. ఇల్లు దద్దరిల్లింది. ఎవరూ తగ్గలేదు. పాత సంగతులన్నీ తవ్విపోసుకున్నారు. కాసేపటికి గోడకవతల గురక మొదలైంది. మేస్త్రి చప్పున గొంతు తగ్గించాడు.

"తగ్గించకండి!" అని కసిరింది టైలరమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఇప్పుడే కదా పాపం పడుకున్నాడు."