గుమ్మం పెట్టిన లాంచీ

ఈ సంగతి కాగితం మీద పెట్టాలని నాకు ఇన్నాళ్లూ అనిపించలేదు. తగిలిన దెబ్బను పదిమందికీ చూపించుకునే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. కానీ మొన్న ఆదివారం మా అమ్మాయికి ఆఫీసులో పై ఉద్యోగం వచ్చిందని, తనతో పనిచేసేవాళ్లంతా కలిసి ఒక హోటలులో విందు పెట్టుకుని, నన్నూ మా ఆవిడనూ కూడా రమ్మన్నారు. హోటలు పేరు మార్చారట, అందుకే తెల్లాపూర్‌లో కారు ఆగేదాకా అది ఏ చోటో మా అమ్మాయికీ తెలియలేదు. దిగి చూస్తే ఎదురుగా, పక్కన గుమ్మం కోసిన లాంచీ. నేను మరమ్మతు చేసిన లాంచీ. అప్పుడు వెనక్కి తిరిగితే అందరి సంతోషమూ పాడవుతుందని లోపలికి వెళ్లి కూర్చున్నాను. వచ్చినవాళ్లలో ఎవరో ఇది నిజం పడవేనా అని అడిగితే, వడ్డించే అతను నవ్వి, "అసలుది కాదు మేడమ్, సెట్టింగ్. సినిమాలకు ఏస్తరు సూడుండ్రి, గిట్లనే ఏసిన్రు. నీళ్లల్ల పెడ్తే అటే మునుగుతది" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆవిడ బల్ల కింద నా చెయ్యి పట్టుకుంది. నేను పెరుగన్నం తెమ్మన్నాను.

ఆ గుమ్మం కొయ్యకముందు ఆ లాంచీని ఏ నీళ్లలో దింపినా మునిగేది కాదు. ఈ ఒక్క మాటైనా ఎక్కడో ఒకచోట రాసి ఉండాలనే ఇదంతా రాస్తున్నాను.

నా ఈడువాళ్లలో గోదావరి మీద ప్రయాణం చేసినవాళ్లకు ఆ లాంచీలు గుర్తుండే ఉంటాయి. కింద చెక్క బెంచీలు, పైన రేకు కప్పు, ఇంజను పక్కన కూర్చుంటే ఒళ్లంతా పట్టే డీజిలు వాసన, చింతపండు బస్తాల మధ్య నిద్రపోయే పసిపిల్లలు, పోలవరం దాటాక కొండలు దగ్గరికి వస్తుంటే మాటలాపేసే జనం. పదో తరగతితో నా బడి చదువు ఆగిపోతే, లాంచీ నడిపే సరంగు తాత దగ్గర ఇంజను తుడిచే పనికి చేరాను. పని లేని సాయంత్రాలు రేవు దగ్గరి శాఖా గ్రంథాలయంలో గడిపేవాణ్ణి. తడిసిన చెక్క ఎందుకు ఉబ్బుతుందో, ఇనుప మేకు తుప్పుపట్టి చుట్టూ ఉన్న టేకును ఎలా తినేస్తుందో నాకు ఏ మాస్టారూ చెప్పలేదు, అట్టలు ఊడిన పుస్తకాలు చెప్పాయి. అప్పట్లో చదివినదాంతోనే తరవాత పరీక్ష రాసి నీటిపారుదల శాఖ వర్క్‌షాపులో మెకానిక్‌గా కుదిరాను. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోను.

వేసవిలో నది తగ్గగానే లాంచీని గట్టుకు ఎక్కించేవాళ్లం. పలకల సందుల్లో నీరు దిగకుండా కూరిన పాత నూలు పీకి, కొత్త నూలు ఉండలు చేసి ఉలితో కూరి, పైన గుగ్గిలం నూనెలో కాచి పోసేవాళ్లం. ఆ రోజుల్లో సరంగు తాతకు ఒక పట్టింపు ఉండేది. గట్టు మీద ఉన్న పడవను మళ్లీ నీళ్లలోకి ఎప్పుడు దింపుతారని ఎవరూ అడగకూడదు. అడిగితే చేసే చేతికి తొందర పుడుతుందనీ, ఆ తొందర ఏదో ఒక సందులో మిగిలిపోయి నడి గోదావరిలో బయటపడుతుందనీ ఆయన నమ్మకం. ఒకసారి లాంచీలో టిక్కెట్లు కోసే కుర్రాడు ఆగలేక అడిగేశాడు. సరంగు తాత అప్పటికి పూర్తయిన పక్కనంతా పీకించి మళ్లీ మొదటినుంచి కూరించాడు. ఆ పీకుడు నాకూ ఆ టిక్కెట్ల కుర్రాడికీ కలిసే పడింది. చేతులు పగిలాయి. ఇద్దరమూ తిట్టుకుంటూనే నవ్వుకున్నాం. ఆ కుర్రాడే తరవాత మా అక్కను చేసుకుని నాకు బావ అయ్యాడు.

బావ నాకంటే చాలా ముందు హైదరాబాదు వచ్చేశాడు. గచ్చిబౌలి ఇంకా రాళ్లగుట్టలుగా ఉన్నప్పుడే ఇక్కడి స్థలాల వ్యాపారంలోకి దిగి, తరవాత పెద్ద పెద్ద అపార్టుమెంట్లకు క్లబ్బులూ తోటలూ కట్టించే కాంట్రాక్టులు పట్టాడు. నేను రిటైరై మా అమ్మాయి దగ్గరకు బాచుపల్లి వచ్చాక, ఆదివారం ఆదివారం వచ్చి మా ఇంట్లో పులుసు అన్నం తిని, ఇద్దరం గోదావరి కబుర్లు చెప్పుకునేవాళ్లం. అక్క పోయాక, ఈ ఊళ్లో నన్ను చిన్నప్పటి పేరుతో పిలిచే మనిషి ఆయన ఒక్కడే.

ఒక ఆదివారం నన్ను కారెక్కించుకుని తెల్లాపూర్ తీసుకెళ్లాడు. పెద్ద క్లబ్బు కడుతున్న స్థలంలో, లారీ మీంచి అప్పుడే దింపిన లాంచీ దుంగల మీద కూర్చుని ఉంది. చూడగానే గుర్తుపట్టాను. మా లాంచీకి పోటీగా అదే దారిలో తిరిగినది, ఎదురుపడితే సరంగు తాత మొహం తిప్పుకునేవాడు. అడుగున పలకలు పుచ్చిపోయాయి, రేకు కప్పు లేదు, ఇంజనులో కప్పలు కాపురం పెట్టాయి. బావ నా భుజం మీద చెయ్యివేసి, "దీన్ని మళ్లీ మనిషిని చెయ్యాల్రా. నువ్వు తప్ప ఎవడూ చెయ్యలేడు" అన్నాడు. ఆ తరవాత స్థలం వెనక ఉన్న చెరువు గట్టు మీదకు నడిపించాడు. ఇద్దరం చాలాసేపు నీళ్లవైపు చూస్తూ నిలబడ్డాం. ఆయన ఏమీ అనలేదు. నేనూ ఏమీ అడగలేదు.

మర్నాటినుంచి షేర్ ఆటో పట్టుకుని రోజూ అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాను. నాకు తోడుగా గోపన్‌పల్లి వడ్రంగిని పెట్టారు. జీవితమంతా తలుపులూ కిటికీలూ చేసిన మనిషి, పడవను ఎప్పుడూ తాకలేదు, కానీ నోరు మాత్రం ఊరుకునేది కాదు. "సార్, ఈడ తాగనీకే నీళ్లు లెవ్వు, బోర్లన్ని ఎండినయ్. నీ పడవను ట్యాంకర్ల తేలిస్తవా ఏంది?" అని మొదటిరోజే ఆటపట్టించాడు. అయినా నేను పుచ్చు పలక తీసి చూపించి, వంపు ఎందుకు అలా ఉండాలో చెబితే, ఇంటికి వెళ్లి అట్టముక్కల మీద ఆ వంపు గీసుకుని వచ్చేవాడు. పాత ఇనుప మేకులన్నీ పీకి రాగి మేకులు వేశాం. గుగ్గిలం కోసం బేగంబజారు అంతా తిరిగాం. పొయ్యి మీద అది కాగుతుంటే లేచే వాసనకు పక్క టవరులోంచి ఎవరో ఫిర్యాదు చేస్తే, సెక్యూరిటీ అతను వచ్చి, "ఏం వండుతున్నవ్ పెద్దాయనా, జర మాకూ పెట్టు" అని నవ్వి వెళ్లిపోయాడు.

ఇంజను విప్పుతుంటే బావ మాత్రం, "అదెందుకురా, వదిలెయ్, పైన రంగు వేసేస్తే చాలు" అన్నాడు. నా వయసు చూసి జాలిపడుతున్నాడనుకున్నాను. వదల్లేదు. రాణిగంజ్‌లో పాత సామాన్ల దుకాణాలు గాలించి, దొరకని భాగాలను లేతు మీద కోయించి, చివరికి ఒక ఉదయం తిప్పుడు కర్ర వేసి తిప్పితే, రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ ఊది, డుబుడుబుమని పట్టుకుంది. ఆ చప్పుడుకు బాల్కనీల్లోకి జనం వచ్చారు. వడ్రంగి లాంచీ చుట్టూ తిరుగుతూ ఈలలు వేశాడు. నా కళ్లు తడిశాయి. బావ కూడా చప్పట్లు కొట్టాడు. నేను బాగా గుర్తుపెట్టుకున్నాను, కొట్టాడు.

సందులన్నీ కూరాక పడవలోపల నీళ్లు పోసి, బయట ఎక్కడ చెమరుస్తుందో చూసి సుద్దతో గుర్తు పెట్టడం మా పద్ధతి. ట్యాంకరు తెప్పించి అలాగే పోయించాను. వడ్రంగి నేల మీద వెల్లకిలా పడుకుని పైకి చూస్తూ ఒక్కొక్క చుక్కనూ చూపించాడు. వాటిని మళ్లీ కూరాం. ఇక దింపడమే తరువాయి అనే స్థితికి వచ్చేసరికి ఎండలు ముదిరాయి. నీళ్లు తగలని చెక్క ఎండకు కుంచించుకుపోయి సందులు విచ్చుకుంటాయి కాబట్టి, రోజూ తడి గోనెలు కప్పి, వాటి మీద నీళ్లు చల్లుతూ కూర్చున్నాను. ఎప్పుడు దింపుతారని ఒక్కసారి కూడా అడగలేదు. నోటిదాకా వచ్చిన రోజులున్నాయి. వడ్రంగి నా తరఫున బావను అడుగుతానంటే కసిరాను.

అంతలో జ్వరం తగిలి కొన్నాళ్లు మంచం పట్టాను. తగ్గగానే గోనెలు ఎండిపోయి ఉంటాయన్న బెంగతో పరుగున వెళ్లాను. గోనెలు లేవు. లాంచీ అడుగున సిమెంటు దిమ్మెలు పోసి దాన్ని కదలకుండా బిగించేశారు. చెరువువైపు పక్కన, నేనూ వడ్రంగీ కూరిన పలకలను నిలువునా కోసేసి మనిషెత్తు గుమ్మం పెట్టారు. అందులోంచి లోపల టైల్సు పరుస్తున్నవాళ్లు కనిపిస్తున్నారు. ఇంజనును బయటకు తీసి దారి పక్కన అందానికి పెట్టి, దాని చుట్టూ పూలకుండీలు సర్దుతున్నారు.

బావ అక్కడే ఉన్నాడు.

"ఇదేంటి బావా?" అన్నాను.

"ద్వారంరా. బిర్యానీ తినడానికి వచ్చేవాళ్లు నిచ్చెనెక్కి వస్తారా?"

"నీళ్లలోకి కదా..."

"నీళ్లలోకని నేనెప్పుడైనా అన్నానా?"

నిజమే. అనలేదు. ఆయన నీళ్లు చూపించాడంతే. బావే దగ్గరకు వచ్చి, చిన్నప్పటి పేరుతో పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు. "మొదటినుంచీ హోటలేరా. నువ్వు అడగవని నాకు తెలుసు. ముందే చెబితే నువ్వు ఇంత బాగా చేసేవాడివా?"

మోసాలు నేను చూడలేదా? ముప్పై ఏళ్లకు పైగా గవర్నమెంటు ఉద్యోగం చేసినవాణ్ణి. కానీ ఆ మోసాలన్నీ నన్ను ఎరగనివాళ్లు చేసినవి. ఇది నన్ను ఎరిగినందువల్ల చేసినది. ఇద్దరం ఒకే గట్టు మీద చేతులు పగలగొట్టుకుని నేర్చుకున్న, అడగకూడదనే మర్యాదను నేను మర్యాదగానే దాచుకున్నాను, ఆయన పనిముట్టుగా దాచుకున్నాడు. పైగా అది మెచ్చుకోలు అనుకుంటున్నాడు, ఇప్పటికీ.

వడ్రంగి ఆ గుమ్మం తను కొయ్యనని పని మానేసి వెళ్లిపోయాడని సెక్యూరిటీ అతను చెప్పాడు. నేను కూడా ఇంటికి వచ్చేశాను. ఆ తరవాత బావ రెండు మూడు ఆదివారాలు వచ్చాడు. మా ఆవిడ వడ్డించింది, తిన్నాం, గోదావరి పేరు ఎవరమూ ఎత్తలేదు. తరవాత రావడం మానేశాడు. ఇప్పుడు నాకు ఎవరైనా పని చెబితే, కుళాయి బిగించమన్నా సరే, ఇది దేనికని ముందే అడుగుతున్నాను. అలా అడగడం జాగ్రత్తే. కానీ అడిగి చేసిన ఏ పనిలోనూ ఆ ఎండాకాలం గోనెల మీద నీళ్లు చల్లుతున్నప్పటి సుఖం లేదు. ఈ వయసులో నాలో మారింది అదొక్కటే, అదే పెద్ద మార్పు.

ఆ పనిలో నాకు సాయపడినవాళ్లకు ఇక్కడైనా కృతజ్ఞత చెప్పుకోవాలి. ఆ వంపు పట్టుకున్న గోపన్‌పల్లి వడ్రంగి యాదయ్యకు. ఇంజను భాగాలు లేతు మీద కోసిచ్చి, పాత లాంచీ చప్పుడు వినాలని పనిగట్టుకుని తెల్లాపూర్ దాకా వచ్చిన రాణిగంజ్ గౌస్ భాయికి. పొగకు ఫిర్యాదులు వచ్చినప్పుడల్లా సర్దిచెప్పిన సెక్యూరిటీ మల్లేశానికి. చెక్క పడవల మీద పుస్తకాలు వేరే శాఖలనుంచి తెప్పించిపెట్టిన ఇక్కడి బాచుపల్లి గ్రంథాలయం సుజాతమ్మగారికి. రోజూ టిఫిన్ డబ్బా కట్టిచ్చి, ఆ గుమ్మం చూసి ఇంటికి వచ్చిన రోజు ఏమీ అడగకుండా మంచినీళ్లు ఇచ్చిన మా ఆవిడ వరలక్ష్మికి. ఇంకొక పేరు ఉండాలి. ఆయన లేకపోతే ఆ లాంచీ నా చేతికి వచ్చేదే కాదు, ఆ ఇంజను చప్పుడు ఈ జన్మకు మళ్లీ వినేవాణ్ణే కాదు. న్యాయంగా అయితే ఆ పేరే ముందు రాయాలి. మూడుసార్లు రాయబోయాను, చెయ్యి రాలేదు.