లాకు దగ్గర చద్దన్నం

ఆ పొద్దు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ధవళేశ్వరం నుంచి కాలువ మీద కాకినాడ పోయే పడవ తెల్లవారేసరికి లాకు దగ్గర ఆగింది. నీటిమట్టం సరిచేసి లాకు తలుపులు తీసేదాకా కదలదు కనుక మగవాళ్లు చద్ది మూటలు విప్పారు. చెన్నపట్నం నుంచి వస్తున్న ఒక పెద్దమనిషి ముక్కు మూసుకున్నాడు.

"రాత్రి వండింది పొద్దున తింటారా? మా వైపు వేడివేడి ఇడ్డెన్లండి!"

మనవాళ్లు ఊరుకుంటారా? "పెరుగన్నంలో ఆవకాయ నంజుకుని చూడండి, మీ ఇడ్డెన్లు ఏ మూలకండీ!" అని అందరూ ఒక్కసారి లేచారు. అందులో పెద్ద గొంతు మా ఆయనదే.

నా పక్కన ఒక వితంతువు తలమీది ముసుగు జారకుండా చూసుకుంటూ తమ్ముడికి అన్నం కలిపి పెడుతోంది. నా ఈడుదే, పాతికేళ్లుండవు.

"మా అక్క చేతి చద్ది రుచి ఇంకెక్కడా రాదండి. చెప్పవే అక్కా!" అన్నాడు తమ్ముడు.

"నాకేం తెలుసురా? నా తొమ్మిదో ఏట మీ బావ పోయిన దగ్గర్నుంచీ పొద్దుటి ముద్ద నన్ను నోట పెట్టనిచ్చారా?" అంది, తలెత్తకుండానే.

పడవలో అందరూ విన్నారు. చేతులు మాత్రం ఆగలేదు. చెన్నపట్నం ఆయన కూడా ఎవరో ఇచ్చిన ఆవకాయ బద్ద చప్పరిస్తూనే ఉన్నాడు. తమ్ముడు ఆకు ముందుకు జరిపి, "ఇంకో ముద్ద వెయ్యి" అన్నాడు.

ఆవిడ వేసింది.

పేరైనా అడగలేదు నేను. ఆనాటి నుంచీ మా ఇంట్లో మాత్రం అట్టు మందంగా ఉందని ఏ మగవాడైనా అంటే, మారుమాట లేకుండా పెనం దించేసి పొయ్యిలో నీళ్లు కుమ్మరిస్తాను.