ఆగని జనరేటర్ వెనక

దయ్యం అనేవాళ్ల మీద నేను కస్సుమని లేచేవాణ్ణి. మహబూబాబాద్‌లో మాది టెంట్ హౌస్. శ్మశానం పక్కన షామియానాలు వేశాను, పాడుబడ్డ ఇళ్లలో సామాన్ల మధ్య పడుకున్నాను. ఏ దయ్యమూ నాకు కనబడలేదు. కనబడితే కుర్చీలు మోయించేవాణ్ణి.

పోయిన ఎండాకాలం మా వాడకట్టులోనే ఒక నికా. మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. మా డీజిల్ జనరేటర్‌ను ఫంక్షన్ హాలుకూ ప్రహరీకీ మధ్య సందులో పెట్టాం. ఆ సందుకు రెండో చివర గోడే, దారి లేదు. నా తమ్ముడు యాకూబ్ స్టార్ట్ చేశాడు.

కాసేపటికి చప్పుడు మారింది. ఎవరూ ముట్టుకోకుండానే స్పీడు పెరుగుతూ పోయింది. హాల్లో బల్బులు పటపటా పేలాయి, ఆడవాళ్లు కేకలు పెట్టారు. తాళంచెవి తిప్పి బయటికి లాగేశాను. ఆగలేదు! యాకూబ్ డీజిల్ పైపు పీకడానికి జనరేటర్ వెనక్కి దూరాడు. పీకాడు కూడా. డీజిల్ నేల మీద కారిపోతోంది, ఇంజిన్ మాత్రం ఇంకా అరుస్తూనే ఉంది. సందంతా తెల్లటి పొగ.

"ఆయిల్ ఎంత పోసినవ్‌రా?" అని అరిచాను.

"దినమంతా నడవాలె గదా భాయ్, జర ఎక్కువనే పోసిన!" పొగలోంచి యాకూబ్ గొంతు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంజిన్ ఆయిల్ ఎక్కువైతే గాలి దారిలోకి ఎక్కుతుంది, ఇంజిన్ దాన్నే తాగి నడుస్తుంది. ఇక డీజిల్ ఆపినా ఆగదు. గాలి మూయాలి, లేకపోతే ముక్కలై పేలుతుంది. యాకూబ్ బయటికి రావాలంటే దాన్ని రాసుకుంటూ రావాలి. అయిపోయింది, నా తమ్ముడు పోయాడు అనుకున్నాను.

వంటవాళ్లు ఉల్లిగడ్డలు కోసే చెక్క ఎత్తుకొచ్చాను. ఎయిర్ ఫిల్టర్ పీకేసి, గొట్టం మూతికి ఆ చెక్కను రెండు చేతులతో అదిమాను. పక్కనున్న సైలెన్సర్ తగిలి చేతులు కాలాయి, అయినా వదల్లేదు. ఇంజిన్ ఎగిరెగిరి పడింది. ఢామ్మని ఒక ఇనుప ముక్క చీల్చుకొచ్చి వెనక గోడలో దిగింది. అప్పుడు ఆగింది.

పొగ తగ్గాక చూస్తే ముక్క దిగింది మనిషి తలంత ఎత్తున. యాకూబ్ దాని కిందే బోర్లా పడి ఉన్నాడు. ఒంటి మీద గీత కూడా లేదు.

దవాఖానలో నా చేతులకు కట్టు కడుతుంటే పక్కన కూర్చుని ఏడ్చాడు. "నేను లేద్దామంటే నువ్వు మెడ వట్టి కిందికి ఒత్తినవ్ భాయ్. లేవనియ్యలే. లేకుంటే సచ్చిపోతుంటి. గంత ఎండల గూడ నీ చెయ్యి సల్లగ ఐసు లెక్క ఉండె."

నేను ముందు వైపు ఉన్నాను, నా రెండు చేతులూ చెక్క మీదే ఉన్నాయి. వెనక యాకూబ్ తప్ప ఎవరూ లేరు. పొగలో భ్రమపడ్డాడని నాకు నేను ఎంతో చెప్పుకున్నాను, మనసు ఒప్పుకోలేదు. ఎంత ఆలోచించినా ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఈమధ్య జనరేటర్ స్టార్ట్ చేసే ముందు వాడు, "నువ్వు నా వెనక నిలబడు భాయ్, ధైర్యముంటది" అంటాడు. నిలబడతాను. ఆ రోజు మెడ మీద పడిన చెయ్యి నాది కాదని మాత్రం ఇంకా చెప్పలేదు. చెప్పాలంటే నాకే భయం.