దుబాయ్‌లో మాఫీ ఉండదన్న మా బావ

మా పెద్ద బావ పోయాడని అక్క ఫోన్ చేసినప్పుడు నేను సూర్యాపేట కలెక్టరేట్‌లో ఉన్నాను. మిర్యాలగూడ చేరేసరికి ఇంటి ముందు టెంటు వేశారు. గుండెపోటు అని దవాఖానలో చెప్పారట. బావే ఉంటే, ఎవరు చెప్పిండ్రు, ఏం పరీక్ష చేసి చెప్పిండ్రు అని అడిగేవాడు. వార్తలు రాయడం నా వృత్తి. అనుమానించడం మాత్రం చాలావరకు ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఆయన రైస్ మిల్లు మెకానిక్. కొన్నేళ్లు దుబాయ్‌లో పనిచేశాడు. ఇక్కడ ఇల్లు కట్టడానికి అక్కడి బ్యాంకులో అప్పు తీసుకున్నాడు. కంపెనీ మూతపడింది. జీతం ఆగింది, దాంతో వాయిదాలూ ఆగాయి. సెలవు మీద ఇంటికి వచ్చి మళ్లీ పోలేదు. అప్పటినుంచి కొత్త నంబరు ఏది మోగినా బ్యాంకువాళ్లేమోనని, ఎత్తి, మాట్లాడకుండా వినేవాడు. పెళ్లికి పిలుద్దామని చేసినవాళ్లు కూడా హలో హలో అని విసిగి పెట్టేసేవాళ్లు.

మిల్లు జీతంతో ఇల్లు గడవడం కష్టమైంది. అప్పుడు కోదాడ ఏజెంటు ఒకాయన మస్కట్‌లో ఉద్యోగం ఉందన్నాడు. బావ పాత అప్పు సంగతి దాచలేదు. బ్యాంకు నుంచి వచ్చిన మెయిల్ చూపించాడు. అందులో అప్పును రైట్ ఆఫ్ చేశామని ఉంది.

"మాఫీ అయిపోయిందండీ. ఇంకా భయమెందుకండీ మీకు?" అన్నాడు ఏజెంటు.

పంట రుణాలున్న మా ప్రాంతంలో ఆ మాటకు అర్థం ఎవరూ అడగరు. అక్క సంబరపడి అందరికీ చెప్పేసింది. బావ మాత్రం నన్ను పక్కకు పిలిచాడు.

"బామ్మర్దీ, ఈడ ఎలక్షన్లుంటయి, మాఫీ ఉంటది. ఆడ ఎలక్షన్లే లేవాయె. ఎవని ఓటు కోసం మాఫీ చేస్తడు?"

నేను ఒక బ్యాంకు అధికారినీ, దుబాయ్‌లో పనిచేసే ఒక లాయరునూ అడిగాను. రైట్ ఆఫ్ అంటే బ్యాంకు తన లెక్కల కోసం చేసుకునే పని. తీసుకున్నవాడి బాకీ అలాగే ఉంటుంది. బాకీ ఉన్నంత మాత్రాన ఇంకో దేశంలో ఉద్యోగం రాదని కాదు. కానీ కేసు ఉంటే దుబాయ్‌లో దిగగానే ఆపవచ్చు. కేసును బట్టి పక్క దేశాల్లోనూ ఇబ్బంది రావచ్చు. బావ పేరు మీద ఏముందో అక్కడే విచారించాలి.

అంతా విని బావ, ఏజెంటు తీసిన టికెట్ నా చేతికిచ్చాడు. విమానం దుబాయ్‌లో మారాలి. "మస్కట్ పొయ్యేటోన్ని దుబాయ్‌ల ఎందుకు దింపుతుండు?"

చౌక అని ఏజెంటు జవాబు. నిజమే కావచ్చు. విమానం మారేవాళ్లను మామూలుగా ఎవరూ అడగరని, ఆలస్యమై విమానాశ్రయం బయట హోటల్లో ఉంచితే, పాస్‌పోర్టు చూస్తారు కాబట్టి, చెప్పలేనని లాయరు అన్నాడు. బావను పట్టించాలని ఏజెంటు కావాలనే చేశాడనడానికి నా దగ్గర ఆధారం లేదు. బావకు ఆధారం అక్కర్లేదు. పోలేదు. ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. అక్క కొన్నాళ్లు ఆయనతో మాట్లాడలేదు.

లాయరు విచారిస్తే కేసు ఉందని తేలింది. ఇంతలో వసూలు ఏజెన్సీ పేరుతో ఒకతను ఫోన్ చేశాడు. సగం తన ఖాతాలో వేస్తే అంతా ఖతం చేస్తానన్నాడు. "బ్యాంకు బాకీ నీ జేబుల ఎందుకెయ్యాలె?" అని బావ పెట్టేశాడు. లాయరు ద్వారా నేరుగా బ్యాంకుతోనే మాట్లాడి, మిల్లులో రెండు షిఫ్టులు చేస్తూ వాయిదాల్లో కట్టాడు. బాకీ లేదని బ్యాంకు రాసిచ్చినా ఆగాడు. "కేసు గూడ తీసిండ్రా?" అని లాయరుతో అడిగించాడు. తీశారని తేలాకే వేరే ఏజెంటు ద్వారా, ఎక్కడా ఆగని విమానంలో మస్కట్ పోయాడు. దిగాక ఫోన్ చేసి "బయటికొచ్చిన. ఎవ్వలు ఆపలే" అన్నాడు. అక్కడ పనిచేసుకుని, నిరుడే ఇంటికి వచ్చాడు.

మస్కట్‌లో దిగిన రోజు విమానాశ్రయం బయట ఎవరితోనో తీయించుకున్న ఫొటోనే అక్క దశదినకర్మకు పెద్దది చేయించింది. అందులో ఆయన ముఖం సరిగ్గా కనిపించదు. వేరేది పెడదామని చుట్టాలు అన్నారు.

"గట్లనే ఉండనీయుండ్రి. గట్ల సూసుకున్నడు కాబట్టే మంచిగ ఇల్లు చేరిండు" అంది అక్క.

దండ వేసిన ఆ ఫొటోలో బావ పెట్టె పట్టుకుని నిలబడి, మెడ తిప్పి వెనక్కి చూస్తున్నాడు. వెనక అద్దాల తలుపులు మూసుకుని ఉన్నాయి. ఎవరూ రావడం లేదు.